పేరు పక్కన వెల

అమెరికా వచ్చాక నాకు అంటుకున్న వ్యసనం, స్నేహితుల తాతముత్తాతల్ని పాత రికార్డుల్లో వెతికిపెట్టడం. ఈ పనిలో నాకు బోధపడ్డ సూత్రం ఒకటే. ఆ కాగితాలేవీ మనం తలుచుకోవాలని రాసినవి కావు. పన్ను కోసమో, ఆస్తి కోసమో, పింఛను కోసమో రాసినవి. కాబట్టి మనిషి ఆచూకీ కావాలంటే ముందు డబ్బు జాడ పట్టాలి.

తెల్లవారి వంశాలకు జనాభా లెక్కలే చాలావరకు దారి చూపిస్తాయి. 1850కి ముందు ఇంటిపెద్ద పేరొక్కటే రాసేవారు. ఆ ఏడాది నుంచి బానిసలు కాని ప్రతి ఒక్కరి పేరూ ఎక్కించారు. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం 1880లో గానీ అడగలేదు. 1921 అగ్నిప్రమాదం తర్వాత 1890 లెక్కలు దాదాపు మిగల్లేదు. 1880లో పసిపాపగా కనిపించిన పిల్ల 1900 నాటికి పెళ్లయి, ఇంటిపేరు మారి మాయమైపోతుంది.

నల్లజాతి కుటుంబాలకు 1870 దగ్గరే గోడ అడ్డొస్తుంది. బానిసత్వం నుంచి బయటపడ్డవారంతా పేర్లతో లెక్కలకెక్కింది అప్పుడే. 1850, 1860 బానిస పట్టికల్లో యజమాని పేరు కింద సాధారణంగా వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. అంతకు వెనక్కి వెళ్లాలంటే యజమాని వీలునామా, తనఖా పత్రాలు, ఆస్తి జాబితాలు తిరగెయ్యాలి. ముత్తవ్వ పేరు పశువుల సరసన, డాలర్లలో కట్టిన వెలతో కనిపిస్తుంది.

డబ్బు కోసం రాసిన కాగితాలే కొన్నిచోట్ల మేలు చేశాయి. బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాదారుల తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు అడిగి రాసుకునేది. 1874లో బ్యాంకు మూతపడి ఎందరి కష్టార్జితమో పోయింది, పేర్లు మిగిలాయి. అంతర్యుద్ధంలో చనిపోయిన నల్లజాతి సైనికుల భార్యలు పింఛను కోసం పెళ్లి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. బానిసల పెళ్లిళ్లకు చట్టంలో చోటు లేదు గనక, తెలిసినవాళ్లు వచ్చి వాంగ్మూలమిచ్చారు. పెళ్లి ఎవరు చేశారో, పిల్లలు ఎప్పుడు పుట్టారో ఆ ఫైళ్లలో దొరుకుతుంది.

వంశవృక్షంలో ముత్తవ్వ పేరు చేరుస్తూ, ఆ వెల తీసేద్దామా అని ఒక స్నేహితురాలు అడిగింది. నీ ఇష్టం అన్నాను. అది ముత్తవ్వ గురించి చెప్పే అంకె కాదు, వెల కట్టినవాడి గురించి చెప్పేది. అది తప్పకుండా ఉండాల్సింది అతని వారసులు గీసుకునే వంశవృక్షంలో. వాళ్ల అటకల మీద అలాంటి జాబితాలు ఉంటే, వాటిలోని పేర్లు బయటపెట్టడమే వాళ్లు తమ పూర్వీకుడి గురించి చేయాల్సిన పరిశోధన.