టీ కప్పులో సంసారం

సినిమాకి సమీక్షకులున్నారు, నవలకి విమర్శకులున్నారు, పెళ్లి భోజనంలో పప్పుకి వంక పెట్టేవాళ్లయితే పంక్తికి నలుగురుంటారు. పాపం, రంగులరాట్నాన్ని మాత్రం ఎవరూ విమర్శించరు. ఎక్కుతారు, దిగుతారు, కళ్లు తిరిగాయంటారు, అంతే! ఆ లోటు తీర్చడానికి నేనే పూనుకున్నాను.

రాట్నం మా సీమలో కొత్త మాటేం కాదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధుల్లోకి పోతే రాట్నం తిరుగుతూ కనిపిస్తుంది. మగ్గం మీది చీరకి పేరొస్తుంది గాని, పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు దారం చుట్టిపెట్టే ఇల్లాలి ఊసు ఎవరూ ఎత్తరు. తిప్పే రాట్నం ఆమెకు అలవాటే. తిరిగే రాట్నం ఎక్కమంటేనే, "నాకెందుకులేమ్మా, మీరు పోయి రాండి. సంచీ, చెప్పులు నేను చూసుకుంటా ఉంటా" అంటుంది. పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు పోయినా ఆ మాటే. హిందూపురం నుంచి పొద్దున్నే బయల్దేరి, బెంగుళూరు అవతల బిడది దగ్గర 2005లో తెరిచిన వండర్‌లాకు పోయినా ఆ మాటే. టిక్కెట్టు ధర మారుతుంది గాని సంచీ పట్టుకునే చెయ్యి మారదు.

అందుకే ఏ ఆటనైనా నేను ఒకే కొలతతో చూస్తాను. ఎంత ఎత్తుకు పోయింది, ఎంత జోరుగా తిరిగింది అని కాదు. ఇంటిల్లిపాదిలో ఎంతమందిని బయట నిలబెట్టింది అని. ఈ లెక్కన జెయింట్ వీల్‌కు మార్కులు తక్కువే. గుండెదడ అత్తగారూ, చంటిబిడ్డ తల్లీ కిందే ఉండిపోతారు. కొలంబస్ పడవ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక మిగిలింది టీ కప్పులు. పెద్ద పళ్లెం మీద రంగురంగుల కప్పులు, ఒక్కో కప్పులో చుట్టూ కూర్చునే బల్ల, నడుమ ఒక చక్రం. కుర్రకారు దీన్ని "చిన్నపిల్లల ఆట" అని తీసిపారేస్తారు. నన్నడిగితే అన్నిట్లోకీ తెలివైన ఆట ఇదే.

దీని పుట్టుక వినండి. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లిద్దర్నీ లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూస్తుండేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండకూడదా అని అక్కడే తోచిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచిన రోజే అందులో టీ కప్పులూ తిరిగాయి. లూయిస్ కరోల్ 1865లో రాసిన ఆలిస్ కథలోని వెర్రి టీ విందు దానికి మూలం. పెద్ద పళ్లెం ఒకవైపు తిరుగుతుంటే, దాని మీది మూడు చిన్న పళ్లేలు ఎదురువైపు తిరుగుతాయి. ఒక్కోదాని మీద ఆరేసి, మొత్తం 18 కప్పులు. బెంచీ మీద కూర్చున్న ఒక్క తండ్రికి విసుగు పుడితే ఇంత పని జరిగింది! అదే బెంచీ మీద ఏళ్ల తరబడి కూర్చున్న మన తల్లుల విసుగు సంగతి అడిగినవాళ్లు లేరు.

ఇక గుణాలు. కప్పు తిప్పే చక్రం మన చేతిలోనే ఉంటుంది. ధైర్యం ఉంటే గిర్రున తిప్పుకోవచ్చు, లేదంటే వదిలేయొచ్చు. పైగా అందరూ ముఖాముఖి కూర్చుంటారు. సినిమా హాల్లో పక్కపక్కన, బస్సులో ఒకరి వెనక ఒకరు, ఇంట్లోనేమో ఆమె వడ్డిస్తుంటే మిగతావాళ్లు తింటారు. అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వే చోటు ఇంకెక్కడుంది చెప్పండి? మరొకటి. మన రచయితలకు రంగులరాట్నమంటే బతుకులోని ఎగుడుదిగుళ్లు; బి.ఎన్. రెడ్డిగారు 1966లో తన సినిమాకు ఆ పేరే పెట్టారు. కప్పుల రాట్నంలో ఆ గొడవ లేదు. ఒకరు పైకి పోవాలంటే ఇంకొకరు కిందికి రావలసిన పని లేదు.

దోషాలూ ఉన్నాయి. ఎత్తు మెట్టూ, ఇరుకు వాకిలీ చూస్తే చీర కట్టినవాళ్లను తలచుకుని చేసినట్టు లేదు. కొంగు దోపి, జడ ముందుకు వేసుకుని ఎక్కాలి. చక్రం బిగుసుకుపోయి ఉంటే సగం సరదా పోయినట్టే. ఆగగానే దిగకండి, చెవి లోపలి సన్నని గొట్టాల్లో ఉన్న ద్రవం మనం ఆగాక కూడా కాసేపు కదులుతూనే ఉంటుంది, అందుకే లోకం తిరిగినట్టుంటుంది. గర్భిణులూ, మెడనొప్పి ఉన్నవాళ్లూ ఎక్కకపోవడమే మంచిది. అన్నిటికన్నా పెద్ద దోషం, సంచీ పెట్టే చోటు లేకపోవడం. కాని ఇది రాట్నం దోషమా, మన ఇంటి దోషమా? ఒక ఆటకు అమ్మ పట్టుకుంటే ఇంకో ఆటకు నాన్న పట్టుకోరాదా?

ఇదంతా టీ కప్పులో తుఫాను అని మగవాళ్లు నవ్వితే నవ్వనీండి. ముందు ఆ సంచీ వాళ్ల చేతికిచ్చి, ఎక్కి కూర్చోండి.