నది ఎవరికి స్వేచ్ఛ? ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో నదీజీవనం, తీరజీవనం

మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ (1884) నండూరి రామమోహనరావు అనువాదం ద్వారా తెలుగు పాఠకులకు సుపరిచితం. ఇందులో మిసిసిపీ నది స్వేచ్ఛకు, తీరం బంధనానికి ప్రతీకలన్న వ్యాఖ్యానం బహుళ ప్రచారంలో ఉంది. అది హక్ దృష్టికి సరిపోతుందే గాని జిమ్ దృష్టికి సరిపోదని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

హక్ తీరాన్ని విడవడానికి కారణాలు స్పష్టం: తాగుబోతు తండ్రి దెబ్బలు ఒకవైపు, డగ్లస్ వితంతువు ఇంటి కట్టుబాట్లు మరొకవైపు. తరువాత తీరంలో అతను చూసినదీ హింసే. గ్రాంజర్‌ఫర్డ్, షెపర్డ్‌సన్ కుటుంబాలవారు తుపాకులతో చర్చికి వెళ్లి, సోదరప్రేమపై ప్రసంగం విని, మర్నాడే చంపుకుంటారు. అతనికి తెప్పే ఊరట.

జిమ్ సంగతి వేరు. తనను న్యూ ఆర్లియన్స్‌కు అమ్మేస్తారని విని అతను పారిపోయాడు. అతను కోరుకున్నది మరొక తీరం. ఇలినాయ్‌లోని కైరో వద్ద దిగి, ఒహాయో నది మీదుగా బానిసత్వం లేని రాష్ట్రాలకు చేరాలి. డబ్బు కూడబెట్టి భార్యను, పిల్లలను విడిపించుకోవాలి. పొగమంచులో కైరో దాటిపోయాక, హక్‌కు హాయినిచ్చే ప్రవాహమే జిమ్‌ను తాను భయపడిన దక్షిణానికి మోసుకుపోతుంది.

తెప్పపై సమత్వం లేదని కాదు. పొగమంచు రాత్రి విషయంలో జిమ్‌ను వెర్రివాణ్ణి చేయబోయిన హక్, పావుగంట తనతో తాను పెనుగులాడి క్షమాపణ కోరుతాడు. అయితే తీరపు లెక్క తెప్పను వదలదు. 16వ అధ్యాయంలో బానిసలను వెతికేవాళ్లు మశూచికి భయపడి హక్‌కు వదిలిపోయినవి 40 డాలర్లు. 31వ అధ్యాయంలో ‘రాజు’ జిమ్‌ను అమ్ముకున్నది 40 డాలర్లకు. చివరి అధ్యాయంలో ఖైదీగా ఓర్పు వహించినందుకు టామ్ జిమ్‌కు ఇచ్చినదీ 40 డాలర్లే. జాలికి, ద్రోహానికి, పరిహారానికి ఒకటే వెల.

జిమ్ విముక్తి కూడా నది ఇచ్చినది కాదు. రెండు నెలల కిందట మరణించిన మిస్ వాట్సన్ వీలునామాలో అది తీరంలోనే రాసి ఉంది. హక్ మళ్లీ పారిపోవడానికి సిద్ధపడగలడు. జిమ్ భార్యాపిల్లలు ఏమయ్యారో నవల చెప్పదు. నదిని స్వేచ్ఛ అని పిలిచే ముందు విమర్శకుడు ఈ మౌనానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.