పసరు ముందా, విషం ముందా?

నేల ఉసిరిని వేళ్లతో సహా పీకి, కడిగి, నీడన ఆరబెట్టి పొడి చేస్తాం. ఆ పొడిని సాక్స్‌లెట్ గాజు గొట్టంలో పెట్టి, కింద ఫ్లాస్కులో ఆల్కహాల్ మరిగిస్తాం. పైకెళ్లిన ఆవిరి చల్లబడి పొడిమీద చుక్కలుగా రాలుతుంది. గొట్టం నిండగానే ఆకుపచ్చని ద్రవమంతా ఒక్కసారిగా ఫ్లాస్కులోకి దిగిపోతుంది. రంగు వెలిసేదాకా ఇదే వరస. ఫార్మసీ పాఠాలు చెప్పే నాకు ఈ పనంటే ప్రాణం. కామెర్లకు ఊళ్లో ఇచ్చే పసరు మందును పరీక్షకు పెట్టడం ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత ఎలుకల వంతు. సాధారణంగా కొన్నాళ్లపాటు సారం తాగించి, ఆపైన పారాసెటమాల్ మోతాదు మించి ఇస్తారు. కాలేయ కణాలు పగిలితే రక్తంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు పెరుగుతాయి. సారం తాగిన ఎలుకల్లో అవి అంతగా పెరగలేదని చెప్పే పరిశోధనలు నేల ఉసిరి మీదా ఉన్నాయి, నేలవేము మీదా ఉన్నాయి.

పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. కాలేయంలోనే ఉండే గ్లూటాథయాన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అడుగంటి కణాలు చచ్చిపోతాయి. ఎలుకకు పసరు ముందు, విషం తర్వాత. మనిషి ఆసుపత్రికి వచ్చేది మాత్రం మాత్రలు మింగేశాకే. అందుకే నాకు ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందంటే గౌరవం. విషం లోపలికి వెళ్లాక కూడా గ్లూటాథయాన్‌ను తిరిగి నింపుతుంది. 8 గంటల లోపు ఇస్తే దాదాపు పూర్తిగా కాపాడుతుంది.

అలాగని పసర్ల మీద పరిశోధన వృథా అనను. క్షయ చికిత్స సంగతి చూడండి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. చికిత్స ఏ రోజు మొదలవుతుందో ముందే తెలుసు కాబట్టి, ముందుజాగ్రత్తగా సారం ఇవ్వడానికి ఇక్కడ వీలుంది. మిల్క్ థిసిల్ గింజల సిలిమారిన్‌ను క్షయ రోగుల్లో పరీక్షించారు కూడా. ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. మన మొక్కలకూ అంత నిక్కచ్చి పరీక్ష జరగాలి. ప్రతి మోతాదులో మందు పదార్థం సమానంగా ఉందని తేల్చుకున్నాకే జరగాలి.

ఆకు కదా, హాని చేయదనుకోవడమూ తప్పే. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. కాబట్టి క్షయ మందులు వాడేవాళ్లు ఏ పసరు తాగుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వాంతులు, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పసరుతో తగ్గుతుందేమోనని ఎదురుచూసే ప్రతి రోజూ కాలేయానికి నష్టమే.