చేయి తాకని చీర

చీరల కొట్లో పరుపు మీద కూర్చోగానే మన చేయి పని మొదలుపెడుతుంది. కొంగును రెండు వేళ్ల మధ్య నలుపుతాం, అంచు తిరగేసి చూస్తాం, మడత విప్పి గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి చూస్తాం. బేరం ఆ తర్వాతే. ఫోన్లో కొనేవాళ్లకి ఇవేవీ కుదరవు. ఇంట్లోంచి చీరలు రీసెల్లింగ్ చేసే నాకు రోజూ ఉండే ఆలోచన ఇదే: చేతికి తెలిసే సంగతులన్నిటినీ క్యాటలాగ్‌లో ఎలా పెట్టాలి?

చాలామంది క్యాటలాగ్ అనుకునేది నిజానికి ఫార్వర్డ్. సూరత్ హోల్‌సేలర్ పంపిన మోడల్ ఫొటో, కింద పూల గుర్తులు, ‘రీసెల్లర్స్ మోస్ట్ వెల్కమ్’, ధర దగ్గర 1250 ప్లస్ డాలర్ గుర్తు. ఆ డాలర్‌కి అర్థం షిప్పింగ్ వేరే అని. అదే ఫొటో, అదే రాత ఆ రోజే మరెన్నో గ్రూపుల్లో తిరుగుతుంటుంది. మూడు చోట్ల చూసినావిడ యాభై రూపాయలు తక్కువ చెప్పినవాళ్ల దగ్గర కొంటుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. అమ్మేవాళ్లు కూడా ఆ చీరను తాకలేదని కొనేవాళ్లకి తెలిసిపోతుంది. నేను చేత్తో పట్టుకుని, విప్పి, మళ్లీ మడతపెట్టిన నలభై చీరలు చాలు నాకు. ఎన్నడూ చూడని నాలుగొందల చీరలు వద్దు.

వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ సదుపాయం 2019 నవంబరులో వచ్చింది, మొదట అందుకున్న దేశాల్లో మనదీ ఉంది. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 10 ఫొటోలు. మనవాళ్లు ఎక్కువగా వాడేది మాత్రం స్టేటస్సే. అది 24 గంటల్లో పోతుంది. ఇవాళ చూసి, జీతం వచ్చాక కొందామనుకున్నావిడకి రేపు ఆ చీర ఎక్కడుందో తెలియదు. స్టేటస్ వీధిలో కేక లాంటిది, వినిపించినవాళ్లే వస్తారు. క్యాటలాగ్ అయితే ఆవిడకి తీరిక దొరికిన వేళ, రాత్రి పదకొండింటికైనా తెరిచి ఉంటుంది.

అందులో ఏం రాయాలో నాకు నేర్పింది ఇన్‌బాక్సే. ‘అక్కా, బ్లౌజ్ ఉందా?’ ‘కట్టుకుంటే ఉబ్బుతుందా?’ ‘లోపల లంగా కనపడుతుందా?’ ‘రంగు దిగుతుందా?’ ‘నేను కాస్త పొడుగు సిస్, పొడవు సరిపోతుందా?’ ఒకే ప్రశ్న రెండోసారి వచ్చిందంటే దాని జవాబు ఇక క్యాటలాగ్‌లోకి వెళ్లాల్సిందే. ‘బెస్ట్ క్వాలిటీ’ అన్న మాట ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు కాదు.

మంగళగిరి కాటన్ సంగతే తీసుకుందాం. విజయవాడలో ఉన్నవాళ్లకి మంగళగిరి పక్కూరే, వెళ్లి చూసి తెచ్చుకోవచ్చు. దాని గురించి నేను రాసేది ఇలా ఉంటుంది: మగ్గం నేత, 80 కౌంట్ నూలు. బాడీ మెంతి రంగు, బుటాలు లేవు, సాదా. రెండు వైపులా నిజాం బోర్డర్, జరీతో చిన్న గోపురాలు. చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజ్ 80 సెంటీమీటర్లు, చీరతోనే కలిసి ఉంది, కట్ చేయలేదు. ఫాల్, పికో చేయలేదు. నేత దగ్గరగా ఉంటుంది కాబట్టి లంగా కనపడదు. కొత్తలో గంజి వల్ల కాస్త ఉబ్బుతుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మొదటిసారి విడిగా ఉతకండి. కౌంట్ సంగతి తెలియనివారి కోసం అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని ఒక ముక్క కలుపుతాను. వంటింటి తక్కెడలో తూచి బరువు గ్రాముల్లో రాస్తాను. డల్లాస్‌లో ఉన్న కూతురికి నాలుగు చీరలు పంపాలనుకునే తల్లికి పార్సిల్ ఖర్చు లెక్క వేసుకోవడానికి ఆ అంకె కావాలి.

ఫొటోల్లో నేను ఎప్పుడూ మానని ఫొటో ఒకటుంది, చీర వెనక వైపుది. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా కనపడుతుంది. గుడ్డ మీద ప్రింట్ వేసిన నకలైతే సాధారణంగా వెనక వెలవెలబోతుంది. ఉప్పాడ జాందానీ బుటాల వెనక దారాలు వేలాడవు. పవర్‌లూమ్ బుటా వెనక తిప్పితే చాలాసార్లు కత్తిరించిన దారపు కొసలు తగులుతాయి. గద్వాల్ అయితే నూలు బాడీ, పట్టు అంచు కలిసే చోటు దగ్గరగా తీయాలి, గద్వాల్ కొనడం తెలిసినవాళ్లు ముందు చూసేది అదే. ఈ ఫొటోలు మోడల్ కట్టుకున్న ఫొటో అంత అందంగా ఉండవు. అయినా ‘ఇది ఒరిజినలేనా అక్కా’ అన్న అనుమానం తీర్చేవి ఇవే.

రంగు దగ్గర ఇంకా ఓపిక కావాలి. ట్యూబ్‌లైట్ కింద వంగపండు రంగు నీలంగా మారిపోతుంది, ఫ్లాష్ వేస్తే జరీ అంతా తెల్లబడుతుంది. పొద్దున్న కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫిల్టర్ లేకుండా తీయడమే మేలు. నెమలికంఠం లాంటి రెండు రంగులు తిరిగే చీరలకి పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. ఒక్క ఫొటో అందులో సగమే చెబుతుంది. కుచ్చిళ్లు పట్టి కదిలించే చిన్న వీడియో తప్పదు. ఫొటోలో రంగు కాస్త తేడాగా పడితే, ‘ఫొటోకన్నా అసలు రంగు కొంచెం ముదురు’ అని కింద రాసేస్తాను. ‘కలర్ వేరియేషన్ ఉండొచ్చు’ అని అన్ని చీరలకీ ఒకే ముక్క అతికించడం నాకు నచ్చదు. ఏ చీరలో ఎటు తేడానో ఎదురుగా పెట్టుకుని చూసినవాళ్లు చెప్పగలరు కదా.

‘ప్యూర్’ అన్న మాట ఈ వ్యాపారంలో చాలా నలిగింది. పాలిస్టర్ చీర అమ్మడంలో చిన్నతనం లేదు. తేలిగ్గా ఉతుక్కోవచ్చు, ఇస్త్రీ అక్కర్లేదు, రోజూ ఆఫీసుకు కట్టుకునేవారికి హాయి. దాన్ని సెమీ పట్టు, సాఫ్ట్ సిల్క్ అని తిప్పి చెప్పడమే అన్యాయం. మగ్గం చీరని నమ్మించడానికి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, పట్టుకి సిల్క్ మార్క్ ఉంది. లేబుల్ ఉంటే దాని ఫొటో కూడా పెట్టాలి. లేకపోతే మనకి తెలిసినంతే రాయాలి. ఎక్కడో నేతగాడు రోజుల తరబడి కూర్చుని నేసిన దాని పేరు మిషన్ గుడ్డకి తగిలిస్తే, కొన్నావిడతో పాటు ఆ నేతగాడి కూలికీ దెబ్బ తగులుతుంది.

ధర దాచడం కూడా మానాలి. ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అంటే అడగడానికి మొహమాటపడే వాళ్లు అక్కడే ఆగిపోతారు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలంటాయి. వస్తువు లోపంతో వచ్చినా, చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని అనకూడదంటాయి. వాట్సాప్‌లో నలభై చీరలు అమ్ముకునే మనకీ ఆ రెండూ మంచి కొలతలే. షిప్పింగ్ కలిపిన ధరే రాద్దాం. ‘నో రిటర్న్’ బదులు ఏ సందర్భంలో తీసుకుంటామో, ఎన్ని రోజుల్లో చెప్పాలో రాద్దాం. అన్‌బాక్సింగ్ వీడియో కావాలంటే ఆ మాట డబ్బు కట్టాక కాదు, ముందే కనపడాలి.

ఇక కోడ్. ప్రతి చీరకీ మన సొంత నంబరు ఉండాలి, ఆ నంబరే చీటీ మీద రాసి చీర మడతలో పెట్టాలి. ‘ఆ పచ్చ చీర అక్కా’ అంటే పచ్చవి ఆరుంటాయి. అమ్ముడైన చీరను ఆ సాయంత్రమే తీసేయాలి. ‘అయిపోయిందమ్మా’ అని వరుసగా రెండుసార్లు విన్నావిడ మూడో చీర గురించి అడగదు. శ్రావణం ముందు, వరలక్ష్మీ వ్రతానికి చీరలు వెతుక్కునేవాళ్లు రాకముందే, అల్మరాలో ఉన్న ప్రతి చీరనీ బయటికి తీసి క్యాటలాగ్‌తో సరిచూస్తాను. అల్మరాలో లేనిది ఫోన్లోంచి తీసేస్తాను. మడత దగ్గర రంగు వెలిసినది కనపడితే అక్కడ దగ్గరగా ఇంకో ఫొటో తీసి, ధర తగ్గించి, తగ్గించిన కారణంతో సహా మళ్లీ పెడతాను.