స్కెచ్‌బుక్ పక్కన నీళ్ల గ్లాసు

కంప్యూటర్‌లో ఓ పెట్టె గీసి, దాని మీదికి ‘ప్లాస్టిక్’ అని మౌస్‌తో లాగి వదిలితే క్షణంలో అది ప్లాస్టిక్ పెట్టె అయిపోతుంది. ఇత్తడి లాగితే ఇత్తడిది. కీషాట్ లాంటి సాఫ్ట్‌వేర్లు చూపించే ఈ సోకు క్లయింట్లకు భలే నచ్చుతుంది. నాకు మాత్రం తొలి స్కెచ్‌ల దశలో దాని మీద నమ్మకం లేదు. ఆ బొమ్మ ఏ మెటీరియల్‌నూ కాదనదు. అసలు మెటీరియల్ అయితే ఊరుకోదు, ఎదురు తిరుగుతుంది. గీతలు మార్చడం సులువుగా ఉన్నప్పుడే అది ఎదురు తిరగాలి. అచ్చు (డై) కోసిన తర్వాత తిరిగితే లక్షలు పోతాయి.

మా హైదరాబాద్ వైపు వాడేవాళ్లు ఒక రోడ్డు మీద, చేసేవాళ్లు ఇంకో రోడ్డు మీద ఉంటారు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ, వ్యాక్సిన్ కంపెనీలు, ల్యాబులు. నాగపూర్ హైవే మీద మేడ్చల్ పారిశ్రామికవాడ, మోల్డింగ్ షెడ్లు. నడుమ ఔటర్ రింగ్ రోడ్డు. డిజైనర్ ఈ రెండు చోట్లా తిరగాలి.

ల్యాబులో శాంపిల్ ట్యూబులు పెట్టుకునే మూత పెట్టె ఒకటి గీస్తున్నామనుకోండి. కాగితం మీద ఏబీఎస్ ప్లాస్టిక్ అయినా పాలీప్రొపిలీన్ (పీపీ) అయినా ఒకేలా ఉంటుంది. ల్యాబులో దాన్ని ఆటోక్లేవ్‌లో పెడతారు. మన ప్రెషర్ కుక్కర్‌కు అన్న లాంటిది అది, 121 డిగ్రీల ఆవిరి. ఏబీఎస్ దాదాపు 100 దగ్గరే మెత్తబడి వంకరపోతుంది. పాలీస్టైరీన్‌దీ అదే కథ. అందుకే ఆ ప్లాస్టిక్‌తో చేసే పెట్రీ డిష్‌లు ఒకసారి వాడి పారేసేవే. పీపీ 160 దాటితే గాని కరగదు కాబట్టి తట్టుకుంటుంది.

సరే, పీపీ అనుకున్నాం. ఆ క్షణం నుంచే గీతలు మారిపోతాయి. చల్లారేటప్పుడు ఏబీఎస్ ఒక శాతం లోపే కుంచించుకుపోతే, పీపీ ఒకటి నుంచి రెండున్నర శాతం దాకా పోతుంది. ముచ్చటపడి గీసుకున్న చదును పలక మెలితిరుగుతుంది. దానికి కొంచెం వంపు ఇవ్వాలి, లేదా వెనక రిబ్బులు వేయాలి. రిబ్బు మందం ఎక్కువైతే ముందువైపు గుంట పడుతుంది, దాన్నే సింక్ మార్క్ అంటారు. పీపీకి మామూలు జిగురు సరిగా అతకదు, పెయింటు నిలవదు. కనుక రంగు మాస్టర్‌బ్యాచ్‌గా (గాఢ రంగు గుళికలుగా) డానాలోనే, అంటే ప్లాస్టిక్ గుళికల్లోనే కలవాలి, పేరు అచ్చులోనే ఉబ్బుగా రావాలి. ఇంత సతాయించే పీపీయే ఒక వరం కూడా ఇస్తుంది. అర మిల్లీమీటరు కన్నా పలచగా ఒక గీత వదిలితే అదే మడత బందు, ఎన్నోసార్లు మడిచినా తెగదు. మూతా పెట్టే ఒకే ముక్కగా వస్తాయి, పిన్ను అక్కర్లేదు. ఈ ఆలోచన స్క్రీన్ మీద రాదు. షెడ్డులో దొరికిన ముక్కను వేళ్లతో మడిచి చూస్తున్నప్పుడు వస్తుంది.

నా పనిముట్లు ఖరీదైనవేం కావు. ముక్కల డబ్బా ఒకటి, పక్కన నీళ్ల గ్లాసు. పీపీ సాంద్రత 0.9, తేలుతుంది. ఏబీఎస్ 1.05, మునుగుతుంది. అయితే షెడ్డులో ఓ పెద్దాయన హెచ్చరించాడు: “తమ్మీ, మునిగిందని ఏబీఎస్ అనుకోకు. పౌడర్ కలిపిన పీపీ గూడ మునుగుతది.” ఆయన చెప్పింది టాల్క్ పొడి సంగతి. నా గది గోడ మీద కేంబ్రిడ్జి ప్రొఫెసర్ మైక్ ఆష్బీ పేరున్న చార్టు ఉంటుంది. అడ్డంగా సాంద్రత, నిలువుగా దృఢత్వం. ఏ లోహం, ఏ చెక్క, ఏ ప్లాస్టిక్ ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. చార్టు దారి చూపిస్తుందే గాని, ముక్క బరువు చేతికే తెలియాలి. ఈ మాట కొత్తది కాదు: 1920లలో జర్మనీలోని బౌహౌస్ డిజైన్ స్కూల్లో జోసెఫ్ ఆల్బర్స్ కొత్త విద్యార్థులకు కాగితాలిచ్చి, మడిచి, కోసి కాగితం బలమేంటో కనుక్కోమనేవాడు.

రాయదుర్గం దగ్గర టీ-వర్క్స్ ప్రోటోటైప్ కేంద్రం వచ్చాక త్రీడీ ప్రింట్ తీయించుకోవడం తేలికైంది, మంచిదే. కానీ ప్రింటు ఆకారం గురించే చెప్తుంది. డైలో డానా ఎలా పారుతుందో, చల్లారి ఎంత తగ్గుతుందో చెప్పదు.

డిజైన్ కోర్సులు నడిపేవాళ్లు మానిటర్ల మీద పెట్టే డబ్బులో కొంచెం ముక్కల అరల మీద పెడితే బాగుండు. ఆ ముక్కలకు పెద్ద ఖర్చు కూడా కాదు. సగమే నిండిన షార్ట్ షాట్లు, అచ్చు కాలువల్లో మిగిలిన రన్నర్లు షెడ్లలో గ్రైండర్ పక్కన గుట్టలుగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. షిఫ్టు మారే వేళ మాత్రం వెళ్లకండి, ఎవరికీ తీరిక ఉండదు.