హరదా: భయమా, కంగారా?

హీబ్రూలో 'హరద్' అంటే వణకడం. దాని నామవాచకం 'హరదా'. భయం, వణుకు అని రెండు మాటలతో అర్థం తేల్చేయడం మామూలు. ఆ రెండే పట్టుకుని ఆదికాండం 27వ అధ్యాయం చదివితే ఇస్సాకు మనకి సరిగా అందడు.

చూపు మందగించిన ముసలి తండ్రి. పెద్దకొడుకనుకుని చిన్నవాడు యాకోబుకి దీవెన ఇచ్చేశాడు. ఏశావు వేటమాంసం వండి తెచ్చి ఎదుట నిలబడ్డాక గాని మోసం తెలియలేదు. అప్పుడు మూలంలో క్రియా, అదే ధాతువులోంచి పుట్టిన నామవాచకమూ పక్కపక్కనే పడతాయి, మనం 'ఏడుపు ఏడ్చాడు' అన్నట్టు. ఆపైన 'పెద్ద', 'మరీ' అన్న మాటలు. ఇంత వణుకు ఎవరిని చూసి? ఏశావు చెయ్యెత్తలేదే! తన నోటిమాట తన చేయి దాటిపోయిందని తెలిసిన క్షణం అది. అలెగ్జాండ్రియా యూదుల గ్రీకు అనువాదం ఇక్కడ 'ఎక్‌స్తాసిస్' అంది: తనలోంచి తాను బయటపడిపోవడం. తప్పనను. మన నాట్యశాస్త్రం కూడా వేపథువును భయానికొక్కదానికే కట్టబెట్టలేదు. చలి, సంతోషం, కోపం, చివరికి ముసలితనం కూడా దానికి కారణాలే.

గిద్యోను సైన్యం దిగిన నీటిబుగ్గ పేరు హరోదు. భయపడి వణికేవాళ్లు ఇళ్లకు పోవచ్చంటే 22,000 మంది పోయారు. అక్కడ వణుకు అనర్హత. యెషయా 66లో దైవవాక్కుకు వణకడమే అర్హత. ఇజ్రాయెల్‌లో 'హరేదీ'లనే ఛాందస యూదుల పేరు ఈ ధాతువుదే. నేటి హీబ్రూలో మానసిక ఆందోళనకీ హరదాయే మాట.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయం. షూనేము ఊరి ఇల్లాలు దారిన వచ్చిపోయే ఎలీషా కోసం మేడమీద చిన్న గది, మంచం, బల్ల, పీట, దీపం అమర్చింది. మాకోసం ఇంత 'హరదా' పడ్డావు, నీకేం చెయ్యాలి, రాజుతో ఏమైనా చెప్పాలా అని ఆయన అడిగిస్తాడు. నా జనం మధ్యే ఉన్నానంటుంది ఆవిడ. బెదిరిన మనిషి జవాబు కాదది. అనువాదాలు ఇక్కడ శ్రద్ధ అనో, శ్రమ అనో అర్థమిచ్చే మాటతో సరిపెట్టుకుంటాయి. అర్థం చెడదు, వణుకు పోతుంది. మనకి ఆ నష్టం అక్కర్లేదు. చుట్టాలొస్తే వంటింటికీ వసారాకీ మధ్య తిరిగే అమ్మమ్మతో ఏమంటాం? 'ఎందుకమ్మా మాకోసం ఇంత కంగారు?' అంటాం. దొంగను చూసినా కంగారే, అతిథిని చూసినా కంగారే. 'హైరానా' కూడా అటువంటిదే. (అది అరబ్బీ నుంచి వచ్చినా ధాతువు వేరు, చుట్టరికం కలపబోను.) గ్రంథభాషలో వెతికేవాళ్లకి ఈ మాటలు కనపడవు.

ఇస్సాకు దగ్గర మాత్రం కంగారు చాలదని ఒప్పుకుంటాను. అక్కడ గడగడ వణకాల్సిందే.