రోజుకు 137 రూపాయలు

బట్టల కొట్టువాళ్లు పండగకిచ్చిన పాత డైరీ అది. అచ్చయిన తారీకులు కొట్టేసి పైన కొత్తవి వేసి ఉన్నాయి. పేజీ నెత్తిన శ్రీకారం, ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, అడుగున నిల్వ. పెన్సిలుతో రాసినవి అనుకున్న ఖర్చులు, పెన్నుతో రాసినవి జరిగిన ఖర్చులు. తెనాలిలో మా పిన్ని 2013 ఉగాది నుంచి నాలుగేళ్ల పైచిలుకు రాసిన ఇంటి పద్దు ఇది. పొదుపు మీద వచ్చే పుస్తకాలు చాలానే చదివాను. కాఫీ మానండి, సినిమా మానండి అనే రకం. ఆ పుస్తకాల్లో ఎక్కడా కనిపించని పనితనం ఈ డైరీలో ఉంది.

బాబాయి రైసు మిల్లులో గుమస్తా. షావుకారు లెక్కలు పైసలతో సహా నాలుక చివర ఉండేవి. సొంతింటి అప్పెంతో మాత్రం ఆయనకు తెలియదు. పెద్దమ్మాయి పెళ్లి, వెనువెంటనే పిన్ని అత్తగారి ఆపరేషన్ వచ్చిపడేసరికి ఒక్కో అవసరానికి ఒక్కో చోట తెచ్చారు. డైరీ మొదటి పేజీలో పిన్ని చేసిందల్లా వాటన్నిటినీ ఒకచోటికి తేవడమే. నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000. ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి లక్ష. తాకట్టు కొట్లో నగల మీద రూపాయిన్నర వడ్డీకి 60,000. కిరాణా ఖాతా 9,400. అక్క దగ్గర, అంటే మా అమ్మ దగ్గర, చేబదులు 25,000. పాడుకుని వాడేసిన చీటీకి ఇంకా కట్టాల్సిన తొమ్మిది వాయిదాలు, ఒక్కోటి 2,500. మొత్తం రెండున్నర లక్షలు దాటింది. వచ్చేది చూస్తే బాబాయి జీతం 14,000, పిన్ని జాకెట్ల కుట్టుకూలి ఓ నాలుగు వేలు. అద్దె లేని సొంత పెంకుటిల్లు ఒక్కటే కలిసొచ్చింది.

ఆ పేజీలో వడ్డీ అప్పుల పక్కన గీత గీసి ఇంకో అంకె వేసింది. రోజు వడ్డీ. మూడు రూపాయల అప్పుకు రోజుకు 40, నోటుకు 67, నగలకు 30. కూడితే 137. మామూలుగా వడ్డీని నెలలో ఒక్కసారి తలుచుకుంటాం, కట్టేసి మరిచిపోతాం. పిన్ని దాన్ని పాల ప్యాకెట్టు, కూరగాయల పక్కకి తెచ్చి కూర్చోబెట్టింది. పొద్దున లేచి పొయ్యి వెలిగించకముందే ఇంట్లోంచి 137 వెళ్లిపోతోందని తెలిశాక, పావు కిలో వంకాయలు మానడం వల్ల ఒరిగేదేమీ లేదని కూడా తెలిసింది. అందుకే ఈ డైరీలో మొదటి ఆరు నెలలూ కూరల ఖర్చు పెద్దగా తగ్గలేదు. పొదుపంటే ముందు నోరు కట్టుకోవడమే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి.

అప్పుల్లో దేన్ని ముందు కొట్టాలన్న లెక్క కూడా అక్కడే, చాలా చిన్న అక్షరాలతో ఉంది. వెయ్యి రూపాయలు తీసుకెళ్లి మూడు రూపాయల అప్పులో వేస్తే రోజుకు రూపాయి మిగులుతుంది. నోటులో వేస్తే 67 పైసలు, నగల మీద వేస్తే అర్ధరూపాయి. ఇక తేల్చుకోవాల్సిందేముంది? పెద్ద మొత్తమని నోటును చూసి బెదరలేదు, ముచ్చటపడి నగల కోసం ఆరాటపడలేదు. చిన్నదే అయినా ఎక్కువ తినేదాన్ని ముందు పట్టుకుంది.

ఈ వరసలో ఒక్కటి మాత్రం తప్పినట్టు కనిపిస్తుంది. వడ్డీలేని కిరాణా ఖాతాను అన్నిటికన్నా ముందు తీర్చేసింది. అటక మీది ఇత్తడి బిందెలు తూకానికి అమ్మి మరీ. కారణం రెండు పేజీల తర్వాత దొరుకుతుంది. అవే సరుకులకు ఖాతా కొట్లో ధర ఒక వరసలో, బజారులో రొక్కం ధర ఇంకో వరసలో రాసి, తేడా కింద రెండు గీతలు కొట్టింది. ఖాతా ఉన్నవాడు బేరమాడలేడు, కొట్టు మారలేడు. ఆ వడ్డీ కందిపప్పు ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

మూడు రూపాయల అప్పును దసరాకల్లా తీర్చేసిన తీరు ఈ డైరీలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని. 15,000 కూడబెట్టింది. మిగతా 25,000 డ్వాక్రా సంఘంలో తన వాటా అప్పుగా తీసుకుంది. అప్పు తీర్చడానికి అప్పా అని బాబాయి కేకలేశాడట. డైరీ జవాబు ఒక్క వరస: "1,200 వడ్డీ పోయె, 1,250 అసలు వచ్చె." అంతకుముందు నెలనెలా 1,200 కట్టినా 40,000 అలాగే ఉండేది. ఇప్పుడు దాదాపు అంతే కడుతుంటే ఇరవై నెలల్లో బాకీయే ఉండదు. సంఘం అప్పు మీద బ్యాంకు వడ్డీ కొంత పడేది గానీ, కిస్తీ తప్పకుండా కట్టినవాళ్లకు దాన్ని ప్రభుత్వం తిరిగి జమచేసే పథకం 2012లోనే మొదలైంది. దానికి ముందు 2004లో మొదలైన పావలా వడ్డీ ఉండేది.

ఈ సంఘాల వెనక పెద్ద కథే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. అదే జిల్లాలో ఆ తర్వాత రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టుకొచ్చాయి. పిన్నికి ఆ చరిత్రతో పనిలేదు. వాయిదా తేదీతోనే పని. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ మాట వినబడగానే చాలాచోట్ల సంఘాలు కిస్తీలు ఆపేశాయి, ఆపినవాళ్లకు వడ్డీ పేరుకుంది. ఆ నెలల్లో పిన్ని పేజీలు తిరగేస్తే కిస్తీ ఏ నెలా తప్పలేదు. మాఫీ అన్న ముక్క పెన్సిలుతో కూడా రాయలేదు. చేతికి రాని డబ్బు జమలో వెయ్యదు.

నగల సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి వడ్డీ, కానీ ముందు కొట్టులోంచి విడిపిస్తేనే కదా బ్యాంకుకు తీసుకెళ్లేది. పొద్దున అమ్మ దగ్గర 60,000 తీసుకుంది, మధ్యాహ్నానికి నగలు బ్యాంకులో, సాయంత్రానికి డబ్బు అమ్మ చేతిలో. నెలకు 300 మిగిలాయి. సెంటు పొలమన్నా ఉంటే వ్యవసాయం కింద ఇంకా తక్కువకు దొరికేది, అది లేదు.

అసలైన నేర్పు లక్ష నోటు దగ్గర బయటపడుతుంది. అప్పిచ్చినాయన ఊళ్లో పెద్దమనిషి, మాట పట్టింపున్నవాడే. అయినా పదేసి వేలు పోగవగానే తీసుకెళ్లి, నోటు బయటికి తీయించి, వెనక చెల్లు రాసేదాకా డబ్బు బల్ల మీద పెట్టేది కాదట. తేదీ, మొత్తం, "అసలు కింద" అన్న మాట, సంతకం. వచ్చేటప్పుడు రెండువైపులా జెరాక్సు. ప్రామిసరీ నోటుకు చట్టంలో గడువు మూడేళ్లు. వెనక చెల్లు రాసి బాకీదారు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు నడుస్తుంది. కాబట్టి ఆయనకూ అది ఇష్టమే. పిన్నికి కావలసింది వేరు. ఫలానాది అసలు కింద అని రాయకపోతే ఇచ్చిన డబ్బు ముందు వడ్డీ పద్దులోకే పోతుంది. ఒక్కో చెల్లుకు నెల వడ్డీ 200 తగ్గేది, ఆ 200 మర్నాటి నుంచే తర్వాతి పదివేల కోసం పక్కన పడేది. అందుకే మొదటి చెల్లుకూ రెండోదానికీ మధ్య ఉన్నంత ఎడం చివరి రెంటికీ మధ్య లేదు.

ఇన్నాళ్లూ వంటిల్లు ఊరుకోలేదు. 2012 సెప్టెంబరులో సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అన్నారు, 2013 జనవరిలో తొమ్మిది చేశారు. తొమ్మిదిని ఏడాదికి పంచితే ఒక్కోటి నలభై రోజులు రావాలి. డైరీ మార్జిన్లో సిలిండరు తగిలించిన తేదీ, దాని పక్కన 40. ముప్పై ఆరుకే అయిపోయిన నెలలో కారణం కూడా ఉంది: "చుట్టాలు". నానబెట్టి వండటం, అన్నం ఉడికీ ఉడకగానే కట్టేసి మూతపెట్టడం, రాత్రికి పెసరట్టేస్తే పొద్దుటి కూరతో సరిపెట్టడం, అన్నీ ఆ నలభై కోసమే. 2014లో సిలిండర్లు పన్నెండుకు పెంచినా మార్జిన్లో అంకె మారలేదు. మిరపకాయలు, చింతపండు, కందిపప్పు ఏడాదికి సరిపడా కొత్త పంట వచ్చినప్పుడే కొనేది. చేతిలో ఒక్కసారిగా డబ్బుండాలి కాబట్టి "సంబారాలు 400" అని ప్రతి నెలా పెన్సిలుతో రాసుకుని, తీసి డబ్బాలో వేశాక దాని మీదే పెన్నుతో దిద్దేది. బాబాయి మిల్లు నుంచి నూకలు తెచ్చేవాడు. వారంలో రెండు రోజులు ఉప్మా.

చదివింపుల పేజీలు విడిగా ఉన్నాయి. పెద్దమ్మాయి పెళ్లికి ఎవరెంత చదివించారో ఒక వరస, వాళ్లింటి శుభకార్యానికి తిరిగి ఎంత చదివించారో ఎదుటి వరస. అప్పుల్లో ఉన్నామని అందులో పైసా తగ్గించలేదు. నాకు మొదట అది డాబనిపించింది. అమ్మకు ఇవ్వాల్సిన 25,000 చివరిదాకా ఆగడానికీ, ఒక్క పూటకు 60,000 పుట్టడానికీ ఆ పేజీలే పూచీ అని తర్వాత తట్టింది.

నచ్చని పేజీలూ ఉన్నాయి. "కళ్లజోడు" అని పెన్సిలుతో రాసి, నెలాఖరున కొట్టేసి, వచ్చే నెలకు మళ్లీ రాసిన పేజీలు. ఇల్లు గడవడానికి రాత్రిళ్లు కుట్టుపని చేసే మనిషికి కళ్లజోడు ఖర్చు కిందికెలా వస్తుంది? మిషనుకు నూనె మాత్రం క్రమం తప్పకుండా కొంది. ఇంత గట్టి లెక్కలో తన ఒంటి అరుగుదలకు కాలమ్ లేకపోయింది. పొదుపును మెచ్చుకునే మనలాంటివాళ్లం సాధారణంగా ఈ పేజీలు గబగబా తిప్పేస్తాం.

2017లో నోటు తిరిగొచ్చింది. చింపేయబోతే వద్దని, వెనక "పూర్తిగా చెల్లు" రాయించి తెచ్చుకుని డైరీ అట్టలో పెట్టింది. ఆ మర్నాటి పేజీలో రోజు వడ్డీ గడి ఖాళీగా లేదు. అదే 137, ఈసారి పోస్టాఫీసు ఆర్డీ పేరున. ఇప్పుడు వీధిలో ఎవరింట అప్పులు ముదిరినా ఓ తెల్లకాగితం పట్టుకుని పిన్ని దగ్గరికే వస్తున్నారు. ఎంత అప్పు, ఎందుకు చేశారు అని అడగదు. "నోటు వెనక చెల్లు రాయించారా?" అంటుంది. లేదంటే ముందు వెళ్లి అది రాయించుకు రమ్మని పంపేస్తుంది.